మేడ్చల్ బరువు 21 బైట్లు

మాది తెలుగు సాహితీ క్లబ్. కానీ మా వాట్సాప్ గ్రూప్ తెరిచి చూస్తే తెలుగు మాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటాయి. ఎందుకు అని అడిగితే చాలామంది "టైపింగ్ కష్టం" అంటారు. ఒక సీనియర్ అన్న మాత్రం కొత్త కారణం చెప్పాడు: "తెలుగు లిపి మూడింతలు మెమరీ తింటది, తెలుసా?"

నేను సీఎస్ఈ సెకండియర్. నర్సరీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. తెలుగు సాహిత్యం గురించి ఎవరైనా ఏదైనా అంటే సాధారణంగా వింటూ కూర్చుంటాను. కానీ ఇది నా సబ్జెక్టు వైపు నుంచి వచ్చిన మాట. అందుకే లెక్క వేసి చూశాను. అన్న చెప్పినదాంట్లో నిజం ఉంది. అయితే ఆ నిజం ఎక్కడిదాకా, దాని వల్ల మనకు ఖర్చు ఎంత అనేది తెలియాలంటే ముందు కంప్యూటర్ కొలతలు తెలియాలి. ఎవరికీ భయం అక్కర్లేదు, ఛందస్సు వచ్చినవాళ్లకు సగం ముందే వచ్చినట్టు.

లఘువు, గురువు, బిట్

పద్యానికి గణ విభజన చేసేటప్పుడు ప్రతి అక్షరాన్నీ ఒకటే ప్రశ్న అడుగుతాం: నువ్వు లఘువా, గురువా? మూడో జవాబు లేదు. కంప్యూటర్ మెమరీలో ఉండే అతి చిన్న ముక్క కూడా అలాంటిదే. అది 0 గానీ 1 గానీ అవుతుంది. దాన్నే బిట్ అంటారు. ఈ పేరు 1948లో క్లాడ్ షానన్ రాసిన పేపర్‌తో అందరికీ తెలిసింది. పేరు సూచించింది జాన్ టూకీ అని షానన్ అందులోనే చెప్పాడు.

ఒక్క బిట్‌తో రెండు విషయాలే చెప్పగలం. రెండు బిట్లు పక్కపక్కన పెడితే నాలుగు రకాలు వస్తాయి. మూడు పెడితే ఎనిమిది. మూడక్షరాల గణాలు ఎన్ని? య, మ, త, ర, జ, భ, న, స. సరిగ్గా ఎనిమిది. ఇది కాకతాళీయం కాదు, 2×2×2 అంతే. అంటే ఒక గణం పేరు దాచుకోవడానికి కంప్యూటర్‌కు 3 బిట్లు సరిపోతాయి. ఒక్కో బిట్ పెరిగితే చెప్పగలిగే రకాలు రెట్టింపు అవుతాయి. మొత్తం కథకు మూలసూత్రం ఇదే.

మన దగ్గరి ఉదాహరణ ఒకటి చూద్దాం. రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు వెళ్తే జీనోమ్ వ్యాలీ వస్తుంది. టీకాలు, మందులు, జీవశాస్త్ర పరిశోధన చేసే కంపెనీలు అక్కడే ఉన్నాయి. వాళ్లు చదివే డీఎన్ఏ భాషలో అక్షరాలు నాలుగే: ఏ, సీ, జీ, టీ. నాలుగు అక్షరాలకు రెండు బిట్లు చాలు. మనిషి జీనోమ్ ఒక ప్రతిలో సుమారు 310 కోట్ల అక్షరాలుంటాయి. రెండు బిట్ల చొప్పున 620 కోట్ల బిట్లు. ఎనిమిదితో భాగిస్తే 77.5 కోట్ల బైట్లు, అంటే దాదాపు 775 ఎంబీ. ఒక మనిషి తయారీ గ్రంథం మొత్తం చిన్న పెన్‌డ్రైవ్‌లో పడుతుంది!

ఎనిమిదితో ఎందుకు భాగించానంటే, 8 బిట్లు కలిస్తే ఒక బైట్. బైట్ అనే మాటను 1956లో ఐబీఎంలో వెర్నర్ బుక్‌హోల్జ్ వాడాడు. అప్పట్లో బైట్ అంటే ఖచ్చితంగా ఎనిమిది బిట్లే అని లేదు. 1964లో వచ్చిన ఐబీఎం సిస్టమ్ 360 తర్వాత ఎనిమిది స్థిరపడింది. ఒక బైట్‌తో 256 రకాలు చెప్పొచ్చు. ఇంగ్లీషు చిన్న అక్షరాలు, పెద్ద అక్షరాలు, అంకెలు, కామాలు, చుక్కలు అన్నీ కలిపినా అందులో సగం కూడా నిండదు.

ఇక్కడే ఇంకో తికమక ఉంది. ఇంటర్‌నెట్ స్పీడును బిట్లలో చెప్తారు, ఫైల్ సైజును బైట్లలో చెప్తారు. ఇంగ్లీషులో చిన్న బీ రాస్తే బిట్, పెద్ద బీ రాస్తే బైట్. తెలుగులో రాస్తే రెండూ "ఎంబీ"యే! హాస్టల్‌లో 40 ఎంబీపీఎస్ కనెక్షన్ అంటే సెకనుకు 40 మెగాబిట్లు. అంటే సెకనుకు 5 మెగాబైట్లే. 2 జీబీ సినిమా దిగడానికి మొత్తం స్పీడు మీ ఒక్కరికే దొరికినా 400 సెకన్లు, దాదాపు ఏడు నిమిషాలు పడుతుంది.

గుంటలు, సెంట్లు, జీబీలు

మేడ్చల్ రోడ్డు మీద ఏ టీ కొట్టు దగ్గర కూర్చున్నా ప్లాట్ల మాట వినపడుతుంది. గుంటకు 121 గజాలు, ఎకరానికి 40 గుంటలు, అంటే ఎకరం 4840 గజాలు. కోస్తా వైపు చుట్టాలు వస్తే వాళ్లు సెంట్లలో చెప్తారు. ఎకరానికి 100 సెంట్లు, సెంటు 48.4 గజాలు. రెండు కొలతలున్నా గొడవ రాదు. ఎందుకంటే రెండింటికీ వేరే వేరే పేర్లున్నాయి. రెండింటినీ "గుంట" అనే పిలిస్తే రిజిస్ట్రేషన్ ఆఫీసులో రోజూ కొట్లాటే.

కంప్యూటర్ కొలతల్లో జరిగింది అదే. కిలో అంటే వెయ్యి అని అందరికీ తెలుసు. కిలోమీటరు వెయ్యి మీటర్లు, కిలోగ్రాము వెయ్యి గ్రాములు. కానీ మెమరీ చిప్‌లో ఒక గడిని వెతకడానికి అడ్రసు తీగలు ఉంటాయి. ఒక్కో తీగ మీద 0 గానీ 1 గానీ. పది తీగలుంటే 1024 గడులు. వెయ్యికి దగ్గరగా ఉంది గదా అని ఇంజనీర్లు దాన్నే "కిలో" అన్నారు. దాంతో ఒకే పేరుకు రెండు సైజులు వచ్చాయి: 1000, 1024.

కేబీ దగ్గర తేడా 2.4 శాతమే. కానీ మెట్టు ఎక్కినకొద్దీ ఆ తేడా పెరుగుతుంది. ఎంబీ దగ్గర దాదాపు 4.9 శాతం, జీబీ దగ్గర 7.4 శాతం, టీబీ దగ్గరికి వచ్చేసరికి దాదాపు 10 శాతం.

హార్డ్ డిస్కులు, పెన్‌డ్రైవ్‌లు అమ్మే కంపెనీలు వెయ్యి లెక్క వాడతాయి. విండోస్ 1024 లెక్క వాడుతుంది, కానీ పేరు మాత్రం జీబీ అనే చూపిస్తుంది. అందుకే 1 టీబీ డిస్క్ కొని లాప్‌టాప్‌కు పెడితే 931 జీబీ అని కనపడుతుంది. 512 జీబీ ఎస్ఎస్‌డీ 476 అని, 128 జీబీ పెన్‌డ్రైవ్ 119 అని కనపడతాయి. షాపువాడు ఏమీ కొట్టేయలేదు. డబ్బా మీద ఒక గుంట, స్క్రీన్ మీద ఇంకో గుంట అన్నమాట. ఈ గొడవ తీర్చడానికి 1998లో ఐఈసీ అనే అంతర్జాతీయ సంస్థ 1024 లెక్కకు కిబి, మెబి, గిబి అని వేరే పేర్లు పెట్టింది. లినక్స్ వాడేవాళ్లు ఆ పేర్లు చూసే ఉంటారు. మిగతా లోకం ఇంకా పాత అలవాటులోనే ఉంది.

ఫోన్‌లో తగ్గడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆపరేటింగ్ సిస్టమ్, ముందే వేసి ఇచ్చిన యాప్‌లు కొంత చోటు తీసుకుంటాయి. అది కొలతల తేడా కాదు, నిజంగా వాడిన చోటు.

"8 జీబీ, 128 జీబీ" అని ఫోన్ డబ్బా మీద రెండు అంకెలు ఉంటాయి. ఆ రెండూ వేరు. మొదటిది ర్యామ్. అది చదువుకునే బల్ల లాంటిది, ఇప్పుడు తెరిచిన పుస్తకాలు దాని మీద ఉంటాయి, కరెంటు పోతే ఖాళీ అవుతుంది. రెండోది స్టోరేజ్, అంటే బీరువా. అందులో పెట్టింది స్విచాఫ్ చేసినా ఉంటుంది. ఫొటోలు తీసేస్తే బీరువా ఖాళీ అవుతుంది గానీ బల్ల పెద్దది కాదు.

అక్షరం మెడలో పిన్‌కోడ్

ఇప్పుడు అన్న చెప్పిన మాటకు వద్దాం.

కంప్యూటర్‌కు అక్షరాలు తెలియవు, అంకెలే తెలుసు. అందుకని ప్రపంచంలోని లిపులన్నిటికీ, ఒక్కో గుర్తుకు ఒక్కో నంబరు ఇచ్చే పట్టిక తయారుచేశారు. దాని పేరు యూనికోడ్. 1991లో వచ్చిన మొదటి వెర్షన్‌లోనే తెలుగు ఉంది. మనకు 3072 నుంచి 3199 దాకా 128 గడులు కేటాయించారు.

ఆ నంబరును బైట్లలో రాసే పద్ధతుల్లో ఎక్కువగా వాడేది యూటీఎఫ్-8. దీన్ని 1992లో కెన్ థామ్సన్, రాబ్ పైక్ ఒక హోటల్లో భోజనానికి కూర్చున్నప్పుడు ప్లేట్ల కింద వేసే కాగితం మీద డిజైన్ చేశారు. నియమం తేలికే: నంబరు 127 లోపు అయితే ఒక బైట్, 2047 లోపు అయితే రెండు, 65535 లోపు అయితే మూడు, అంతకు మించితే నాలుగు. ఇంగ్లీషు అక్షరాలన్నీ 127 లోపే. గ్రీకు, రష్యన్, అరబిక్ అక్షరాలు రెండు బైట్ల జోన్‌లో పడ్డాయి. హిందీ, తమిళం, కన్నడం, తెలుగు మూడు బైట్ల జోన్‌లో ఉన్నాయి. మనం రోజూ పంపే పసుపు నవ్వు ముఖాలకు నాలుగు బైట్లు!

పైథాన్‌లో మన ఊర్ల పేర్లు పెట్టి లెక్కపెట్టాను. మేడ్చల్ అని చదివేటప్పుడు మనకు మే, డ్చ, ల్ అని మూడు ముక్కలు. కంప్యూటర్‌కు మాత్రం ఏడు గుర్తులు: మ, ఏత్వం, డ, పొల్లు, చ, ల, మళ్లీ పొల్లు. ఏడు మూళ్లు 21 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే ఏడు అక్షరాలు, 7 బైట్లు. అన్న చెప్పింది ఇక్కడ అచ్చంగా నిజం, మూడింతలే.

కానీ ప్రతి మాటకూ మూడింతలు కాదు. "కమల" అంటే మనకు మూడు గుర్తులు, 9 బైట్లు. ఇంగ్లీషులో రాయాలంటే ప్రతి హల్లు పక్కనా అచ్చు పెట్టాలి కాబట్టి ఆరు అక్షరాలు, 6 బైట్లు. ఒకటిన్నర రెట్లే. మన లిపిలో హల్లులోనే "అ" దాక్కుని ఉండటం వల్ల వచ్చిన లాభం ఇది. "స్త్రీ" దగ్గర మాత్రం దెబ్బ తింటాం. చూడటానికి ఒకటే అక్షరం, లోపల ఆరు గుర్తులు, 18 బైట్లు. ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు, 4 బైట్లతో సరిపోతుంది.

శామీర్‌పేట ఇంకా సరదాగా ఉంది. అన్నీ కలిపేసి రాస్తే ర కింద ప ఒత్తు వచ్చి "శామీర్పేట" అవుతుంది, 27 బైట్లు. మధ్యలో ఖాళీ వదిలి "శామీర్ పేట" అని రాస్తే 28. బోర్డుల మీద రాసినట్టు పొల్లు పొల్లుగానే ఉండి ఖాళీ రాకుండా ఉండాలంటే మధ్యలో కంటికి కనపడని ఒక గుర్తు పెట్టాలి. దానికీ 3 బైట్లు, మొత్తం 30. మనకు మూడూ ఒకే ఊరు. అక్షరం అక్షరం పోల్చే ప్రోగ్రామ్‌కు మాత్రం మూడు వేర్వేరు పేర్లు. అడ్రసుల లిస్టులో ఒక పేరుతో వెతికితే ఇంకో పేరుతో ఉన్నది దొరకకపోవచ్చు. రేపు మనలో ఎవరైనా తెలుగు డేటాతో యాప్ చేస్తే ముందు చూసుకోవాల్సింది ఇదే.

మరి ఈ మూడు బైట్లలో ఏముంది? ఏ తెలుగు అక్షరం తీసుకున్నా మొదటి బైట్ 224. రెండోది 176 గానీ 177 గానీ. మూడోది మాత్రమే బాగా మారుతుంది. నాకు ఇది పిన్‌కోడ్‌లా అనిపించింది. మేడ్చల్‌కు ఒకటి, శామీర్‌పేటకు ఇంకొకటి. రెండూ 50తోనే మొదలవుతాయి. ఉత్తరం ఊళ్లోనే తిరిగితే అంత నంబరు అక్కర్లేదు. దేశమంతా తిరిగినా తప్పిపోకుండా ఉండాలంటే పూర్తి నంబరు కావాలి. తెలుగు అక్షరం ఆ నంబరును మెడలో వేసుకుని తిరుగుతుంది. అందుకే మేడ్చల్‌లో టైప్ చేసిన "క" డల్లాస్‌లో తెరిచినా, పదేళ్ల తర్వాత తెరిచినా "క"గానే ఉంటుంది.

ఒక బైట్‌తో గడిపిన రోజులు

ఒక బైట్‌తో తెలుగు రాయలేమా? రాశారు. 1991లో భారత ప్రమాణాల సంస్థ ఆమోదించిన ఇస్కీ పద్ధతిలో ఒక్కో గుర్తుకు ఒకటే బైట్. కానీ తెలుగు "క"కూ హిందీ "క"కూ అదే నంబరు. ఏ లిపిలో చూపించాలో పక్కన వేరేగా చెప్పాలి.

ఇంకో దారి డీటీపీ వాళ్లది. ఫ్లెక్సీలు, పెళ్లి పత్రికలు వేసే షాపుల్లో ఇప్పటికీ అను ఫాంట్లు వాడతారు. యూనికోడ్ రాకముందు నుంచీ ఉన్న ఇలాంటి ఫాంట్లలో ఇంగ్లీషు అక్షరాల గడుల్లోనే తెలుగు ఆకారాలు కూర్చోబెట్టారు. అచ్చు అందంగా వస్తుంది. అదే ఫైల్‌ను ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చి గుర్తులు కనపడతాయి. చోటు కలిసొచ్చింది, అడ్రసు పోయింది. మా మ్యాగజైన్‌కు ఎవరైనా పాత డీటీపీ ఫైల్ పంపితే ముందు దాన్ని యూనికోడ్‌లోకి మార్చాల్సి వచ్చేది అందుకే.

ఇంతకీ ఖర్చు ఎంత?

ఒకప్పుడు నిజంగానే ఖర్చు ఉండేది. ఎస్సెమ్మెస్ సైజు 140 బైట్లు, అంటే 1120 బిట్లు. ఇంగ్లీషుకు అందులో అక్షరానికి 7 బిట్లు వాడతారు కాబట్టి 160 అక్షరాలు పడతాయి. తెలుగు రాస్తే గుర్తుకు 16 బిట్లు, 70 మాత్రమే పడతాయి. డెబ్బై ఒకటో గుర్తు కొట్టగానే రెండో ఎస్సెమ్మెస్ కింద లెక్క. మెసేజ్‌కు ఇంత అని డబ్బులు కట్టిన రోజుల్లో తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసినవాళ్లు తెలివితక్కువవాళ్లు కాదు. చాలా ఫోన్లలో తెలుగు సరిగ్గా కనపడేదీ కాదు. ఆ అలవాటే మా గ్రూప్ దాకా వచ్చిందని నా అనుమానం.

ఇప్పటి లెక్క చూద్దాం. "ఎలా ఉన్నావు" అని తెలుగులో రాస్తే 31 బైట్లు, ఇంగ్లీషు అక్షరాల్లో 10. తేడా 21 బైట్లు, అంటే ఒక మేడ్చల్! రోజుకు 1.5 జీబీ డేటా ప్యాక్ ఉంటే అందులో ఆ 31 బైట్లు నాలుగు కోట్ల ఎనభై లక్షల సార్లు పడతాయి. పైగా ప్రతి మెసేజ్‌తో పాటు ఎవరు పంపారు, ఎప్పుడు పంపారు అనే సమాచారం కూడా వెళ్తుంది. దాని ముందు ఈ తేడా కనపడనే కనపడదు.

ఈ వ్యాసం మొత్తం కలిపినా 60 కేబీ దాటదు. ఫోన్‌తో తీసిన ఒక ఫొటో 3 ఎంబీ ఉందనుకుంటే, ఆ ఒక్క ఫొటో చోటులో ఇలాంటి వ్యాసాలు 50 పడతాయి. మెమరీ నిండిపోయిందని ఫోన్ గోల పెడితే దోషి తెలుగు లిపి కాదు. రోజూ పొద్దున్నే వచ్చే పూల బొమ్మలు, ఫార్వర్డ్ వీడియోలే.

అసలు విచిత్రం ఏంటంటే, మెమరీ తింటుందని లిపికి భయపడే మనమే పద్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపుతాం. నాలుగు పాదాల పద్యం టెక్స్ట్‌గా పంపితే అర కేబీ చుట్టుపక్కల ఉంటుంది. బొమ్మగా పంపితే 100 కేబీ ఉన్నా అది రెండు వందల రెట్లు. అంత చోటు తీసుకుని కూడా ఆ బొమ్మ లోపల అక్షరాలు ఉండవు, రంగు చుక్కలే ఉంటాయి. అందులో మాట వెతకలేం, తప్పు దిద్దలేం. చూపు లేని స్నేహితుడు స్క్రీన్ రీడర్ పెడితే, బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్ కూడా తోడు లేకపోతే, దానికి చదవడానికి ఏమీ దొరకదు. తెలుగు పాత పుస్తకాలు ఎన్నో స్కాన్ చేసిన బొమ్మలుగానే నెట్‌లో ఉన్నాయి. వాటిని టైప్ చేసి వికీసోర్స్ లాంటి చోట పెడుతున్నవాళ్లు చేస్తున్న పని, చుక్కలను మళ్లీ అక్షరాలు చేయడమే.

న్యాయంగా చెప్పాలంటే, మూడు బైట్ల దెబ్బ ఇంకా తగిలే చోటు ఒకటుంది. ఏఐ చాట్‌బాట్లు వాక్యాన్ని టోకెన్లు అనే ముక్కలుగా కోసి చదువుతాయి. చాలా మోడళ్లలో ఆ కోత బైట్ల దగ్గర మొదలవుతుంది. ఎక్కువసార్లు కనపడిన బైట్ల గుంపులు కలిసి పెద్ద ముక్కలవుతాయి. ఇంగ్లీషు టెక్స్ట్ విపరీతంగా ఉంది కాబట్టి ఒక మాట ఒకే టోకెన్ అయిపోతుంది. తెలుగు మాట చాలా ముక్కలవుతుంది. వాటిని యాప్‌లలో పెట్టుకునేవాళ్లు టోకెన్ల లెక్కన డబ్బు కడతారు కాబట్టి అదే ప్రశ్న తెలుగులో అడిగితే ఎక్కువ పడుతుంది. దీనికి మందు తెలుగు తగ్గించి రాయడం కాదు. మన అక్షరాల్లో, మన అడ్రసుతో ఉన్న టెక్స్ట్ పెరగాలి. అప్పుడే ఆ ముక్కలు కలిసే అవకాశం ఉంటుంది.

కాబట్టి అన్నా, నువ్వు చెప్పిన మూడింతలు నిజమే. అయితే అవి బైట్లు, జీబీలు కావు. గ్రూప్‌లో తెలుగులో టైప్ చెయ్యి. తప్పులొస్తే దిద్దుకుందాం, చోటు సంగతి నేను చూసుకుంటా. వచ్చే సంచికకు పద్యం పంపేవాళ్లు స్క్రీన్‌షాట్ వద్దు, యూనికోడ్‌లో టెక్స్ట్ పంపండి.